పడవ పాట వేయని గురువారం

నేను ఒక టెలిఫోన్‌ని. రంగు ఒకప్పుడు మీగడ రంగు, ఇప్పుడు టీ మరక రంగు. ప్రస్తుతం ఒక టీవీ ఛానల్ వారి సామాన్ల గదిలో, కాలు విరిగిన కుర్చీకీ థర్మోకోల్ సింహాసనానికీ మధ్య పడి ఉన్నాను. నన్నెవరూ పిలవరు. పోనీలెండి, దానికేం బాధ లేదు. కానీ ఒక సంగతి మాత్రం నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. హాయిగా పాటలు వేసుకుంటున్న ఛానల్‌కి ఉన్నట్టుండి ఏం పుట్టిందో, మనుషుల్ని పోగేసి ఏడిపించే పనికి ఎందుకు దిగిందో మీకు తెలిస్తే చెప్పండి. నాకైతే ఆలోచించినకొద్దీ తల తిరుగుతోంది.

ముందే చెబుతున్నాను, నాకు కళ్ళు లేవు. వినడానికో చివర, మాట్లాడడానికో చివర, అంతే. మా ఛానల్ టీవీలో ఎలా కనబడేదో నేనెన్నడూ చూడలేదు. కాబట్టి నేను చెప్పేదాంట్లో తప్పులుంటే మీరే సర్దుకోవాలి.

ఫ్యాక్టరీలో ఒక అమ్మాయి నా రిసీవర్ చెవికి పెట్టుకుని "హలో హలో" అంది. సరిగ్గా పలుకుతున్నానని తేలాక డబ్బాలో పెట్టి మూసేసింది. హైదరాబాద్‌లో కొత్తగా పెట్టిన పాటల ఛానల్ వాళ్ళు మమ్మల్ని ఆరింటిని ఒకేసారి కొన్నారు. నా తోబుట్టువులు రిసెప్షన్‌కీ, మేనేజర్ల గదులకీ వెళ్ళి దర్జాగా కూర్చున్నాయి. నన్ను మాత్రం స్టూడియో పక్కన కంట్రోల్ రూములో, ఎస్తేరు రాణి అనే ఆవిడ ముందు పెట్టారు. ఆవిడది సికింద్రాబాద్. వచ్చిన ఫోను ఎత్తడం, పేరూ ఊరూ కావలసిన పాటా అడిగి రాసుకోవడం, ఆ మనిషిని స్టూడియోలో ఉన్న యాంకరమ్మాయికి కలపడం ఆవిడ పని.

రోజుకి నూరుసార్లు ఆవిడ అనే మాట ఒకటుండేది. "ముందుగాల మీ టీవీ సౌండ్ జర తగ్గించుండ్రి, మళ్ళ మాట్లాడుండ్రి." ఎందుకంటే ఫోన్ చేసిన ప్రతివాడూ పక్కన టీవీ హోరెత్తిస్తూ ఉండేవాడు. తన గొంతు టీవీలో తనే వినాలని మనిషికి ఎంత యావో! దాంతో ఒకే మాట రెండుసార్లు నా చెవిలో పడి గందరగోళంగా ఉండేది. ఒకాయన అరగంట తంటాలుపడి లైను దొరికించుకుని, తీరా కలిశాక ఏ పాట కావాలో మరిచిపోయాడు. "ఏదో ఒకటి వేయండి మేడమ్, కానీ మా బామ్మర్ది పేరు మాత్రం చెప్పండి" అన్నాడు. పాటను తమ కోసం అడిగినవాళ్ళు తక్కువే. అక్కకీ, స్నేహితుడికీ, అలిగిన మరదలికీ అడిగేవాళ్ళు. ఆ మరదలు పక్క గదిలోనే ఉన్నా సరే, హైదరాబాద్ దాకా ఫోన్ చేసి చెప్పించుకునేవాళ్ళు. నాకది అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోయినా బాగుండేది.

వీళ్ళందరిలో రాజంపేట రెడ్డెయ్య గొంతు నేను నిద్రలో కూడా గుర్తుపట్టేవాణ్ణి. సెల్‌ఫోన్లు ఇంకా అందరి జేబుల్లోకీ రాని రోజులు అవి. ప్రతి గురువారం నాలుగింటికి ఎస్టీడీ బూతు నుంచి చేసేవాడు.

"అక్కా, బాగుండావా? రెడ్డెయ్యను మాట్లాడతాండా. కువైట్‌లో ఉండే మా ఈశ్వరమ్మకు పడవ పాట వేయించక్కా" అనేవాడు.

పడవ పాట అంటే, పడవ మీద పాడుకునే ఒక పాత పాట. ఎప్పుడూ అదే. కానీ కొన్ని గురువారాలు గొంతు తగ్గించి, "ఈసారి వెన్నెల పాట అక్కా" అనేవాడు. ఆ రోజు బాగున్నావా అని కూడా అడిగేవాడు కాదు. నాకు విచిత్రంగా ఉండేది. ఇష్టమైన పాట అడిగేవాడు అంత దిగులుగా అడగడమేమిటి?

ఒక గురువారం పడవ పాట ఉన్న టేపు యంత్రంలో ఇరుక్కుపోయింది. యాంకరమ్మాయి చురుకైనది. రెండూ ఆయన అడిగేవే, రెండూ పాతవే అనుకుని, నవ్వుతూ వెన్నెల పాట వేసేసింది. అందులో ఆ పిల్ల తప్పేముంది చెప్పండి? మర్నాడు రెడ్డెయ్య ఫోన్ చేశాడు. శుక్రవారం ఆయన గొంతు వినడం అదే మొదలు.

"ఏం పని చేస్తిరక్కా మీరు" అన్నాడు. తిట్టలేదు. అలిసిపోయినట్టు అన్నాడు. "మా పాపకు గుండెలో చిల్లి ఉండాది. మా ఆడది కువైట్‌లో ఇంటిపనికి పోయినాక డాక్టర్లు చెప్పినారు. ఒప్పందం అయ్యేదాకా ఆ ఇంటోళ్ళు పంపరు. మూడు నెలలకొక తూరి ఫోన్ చేసుకోనిస్తారు, అంతే. ఆయమ్మ ఇస్త్రీ చేసే గదిలో టీవీ ఉండాది. మీ పాటలు వస్తాయి. పాప బాగుంటే పడవ పాట, బాగలేకుంటే వెన్నెల పాట. అట్లని మేము చెప్పుకున్నాం. నిన్న వెన్నెల పాట చూసి, వాళ్ళ కాళ్ళు పట్టుకోని బూతుకు ఫోన్ చేసింది. పాప బాగుండాదని చెప్తే నమ్మడానికి ఎంత సేపు పట్టిందో."

ఎస్తేరు రెండు పాటల పేర్లూ కాగితం మీద రాసుకున్న చప్పుడైంది. తర్వాత, "అన్నా, ఇగ నుంచి నేను చూసుకుంట" అంది.

చూసుకుంది కూడా. ప్రతి గురువారం తనే టేపుల గదికి పోయి, రెండు టేపులూ సరిగ్గా ఉన్నాయో లేదో సరిచూసి వచ్చేది. అలా ఏడాదిన్నర. అందులో వెన్నెల పాట తొమ్మిది సార్లు పడింది. ఆ తొమ్మిది సార్లూ నేనెంత మోగినా, పాట అయ్యేదాకా ఎస్తేరు నన్ను ఎత్తలేదు.

తర్వాతే నా తల తిరగడం మొదలైంది. ఒకనాడు ఛానల్ పేరు మారింది. హేమంత్ అనే కొత్త ప్రొడ్యూసర్ వచ్చాడు. పాటల హక్కుల గడువు అయిపోయిందని టేపులన్నీ బండిలో వేసి తీసుకుపోయారు. గురువారం నాలుగింటికి కొత్తగా ఏదో 'రియాలిటీ షో' అన్నారు. ఎనిమిదిమందిని పోటీకి పెట్టి, వారానికి ఒకరిని తీసేస్తారట. మొదటివారం "ఒకరు ఎలిమినేట్ అయ్యారు" అని ఏడుపులు వినబడితే, పాపం చిన్న వయసులోనే పోయాడు కాబోలనుకుని ఆ కుర్రాడి కోసం నేనూ బాధపడ్డాను. మూడు వారాల తర్వాత ఆ పోయినవాడే ఫోన్ చేసి, "మేడమ్, నన్ను మళ్ళీ లోపలికి ఎప్పుడు తీసుకుంటారు?" అని అడిగాడు. నా వైర్లన్నీ ముడిపడిపోయాయి.

ఫోన్ చేసేవాళ్ళూ మారిపోయారు. మునుపు ఫలానావారికి పాట వేయండని అడిగేవాళ్ళు, ఇప్పుడు ఫలానావాడిని గెంటేయండని అడుగుతున్నారు. పోటీదారుల తల్లులకు నా చేతనే ఫోన్ చేయించి, "అమ్మా, ఇందాక ఏడుపు బాగా వచ్చింది గానీ శబ్దం తేడా కొట్టింది, ఇంకొక్కసారి ఏడవండి" అని హేమంత్ ఎంతో మర్యాదగా అడిగేవాడు. వాళ్ళు ఏడ్చేవాళ్ళు కూడా. నిజం ఏడుపేదో, రెండోసారి ఏడుపేదో తేల్చుకోలేక నేను సతమతమయ్యేవాణ్ణి. 'రియాలిటీ' అంటే నిజమని అర్థమట. సరే, ఏదో ఒకటి.

రెడ్డెయ్య మాత్రం గురువారం ఫోన్ మానలేదు. పాటలు లేవన్నా అని ఎస్తేరు ప్రతిసారీ చెప్పేది. "ఆయమ్మ అదే ఛానల్ పెట్టుకోని చూస్తాంటాదక్కా" అని పెట్టేసేవాడు.

ఆరో గురువారం హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రి వరండాలోంచి చేశాడు. "అక్కా, మూడు దినాలకు ముందర పాపకు ఆపరేషన్ అయిపాయ. పాప బాగుండాది. ఇడ్లీ తినింది. ఆపరేషన్ ఈ నెలలో ఉంటాదని ఆయమ్మకు తెలుసు. ఏమైందో తెలీదు. ఒక్క తూరి పడవ పాట వేయించక్కా."

ఎస్తేరు హేమంత్ దగ్గరికి వెళ్ళి, ఆ పాటకి మూడు నిమిషాలు ఇమ్మని అడిగింది. నా రిసీవర్ బల్ల మీదే ఉంది కాబట్టి అంతా విన్నాను. పాట కుదరదన్నాడు. కథ మొత్తం విన్నాక మాత్రం కుర్చీ జరిపిన చప్పుడైంది. "ఎస్తేరు గారూ, ఇంత మంచి విషయం ఇన్నాళ్ళూ దాచారేమిటండీ? ఆయన్ని లైవ్‌లో కలుపుదాం. ఇవాళే."

పాట లేకపోతే మాటైనా చేరుతుంది కదా అనుకుంది ఎస్తేరు. నేనూ అలాగే అనుకున్నాను. అప్పటికి మా ఇద్దరికీ అంతకన్నా తెలివి లేదు.

హేమంత్ తనే రిసీవర్ అందుకున్నాడు. "రెడ్డెయ్య గారూ, పాపకి ఆపరేషన్ జరిగిందని మాత్రం చెప్పండి. ఎలా ఉందో చెప్పకండి. బ్రేక్ తర్వాత చెబుదాం."

"బాగుండాది గదా సార్?"

"తెలుసండీ. జనానికి తెలియదు కదా."

"జనానికి కాదు సార్, మా ఆడదానికి చెప్పల్ల."

"ఆవిడా జనమే కదండీ" అన్నాడు హేమంత్. కోపంగా కాదు, చిన్నపిల్లాడికి లెక్క చెప్పినట్టు అన్నాడు.

లైవ్‌లో కలిపారు. వయొలిన్లు మొదలయ్యాయి. యాంకరమ్మాయి గొంతు బరువు చేసుకుని, "మీ పాపకి ఏమైంది రెడ్డెయ్య గారూ?" అంది. ఆయనకు బ్రేకూ తెలియదు, పాడూ తెలియదు. "ఈశ్వరమ్మా, పాప బాగుండాది, ఆపరేషన్ అయిపోయినాది, నువ్వేం భయపడాకు" అని ఊపిరి తీసుకోకుండా చెప్పేశాడు. యాంకరమ్మాయి తికమకపడింది. పాపం ఆ పిల్లకి ఏడవమని రాసిచ్చారు, దానికోసం సిద్ధమై కూర్చుంది. కాబట్టి ఏడ్చేసింది. వయొలిన్లు ఇంకా పెంచారు. "ధైర్యంగా ఉండండి రెడ్డెయ్య గారూ" అని, ముక్కు ఎగబీల్చి, బ్రేక్ అంది. బాగున్న పాప గురించి ధైర్యంగా ఎందుకుండాలో నాకు బోధపడలేదు. బ్రేక్ తర్వాత పోటీ మొదలైపోయింది. ఇక ఆయన ఊసే ఎత్తలేదు.

షో అయిన పావుగంటకు నేను మోగాను. అంకెలు ఎప్పుడూ రానంత పొడుగ్గా ఉన్నాయి. ఎస్తేరు ఎత్తింది.

"అక్కా, నేను ఈశ్వరమ్మను. కువైట్ నుంచి" అంది అవతలి గొంతు. ఇన్నాళ్ళుగా ఆ పేరు మోసిన నేను ఆ గొంతు వినడం అదే మొదటిసారి. "ఈ ఇంటి సేటమ్మ కాళ్ళు పట్టుకోని ఫోన్ అడిగినా. ఆసుపత్రి నంబరు నాకు తెలీదు. టీవీలో మీ నంబరు ఉంటే చేసినా. నిజం చెప్పక్కా. నా బిడ్డ ఉండాదా, పోయిందా?"

"అయ్యో, ఏం మాటలమ్మా అవి? పాప మంచిగున్నది. మీ ఆయన చెప్పలేదా?"

"బాగుంటే ఆ పిల్ల ఎందుకేడ్చింది?"



"దేవుని తోడు, పాప మంచిగున్నది" అంది ఎస్తేరు.

"వారం వారం చూస్తాండా గదా మీ షో. అందరూ దేవుని మీద ఒట్టేస్తాండారు, బ్రేక్ అయినాక కాదంటాండారు. ఆయనతో గూడా మీరే అట్ల చెప్పిచ్చినారు." వెంటనే మళ్ళీ అడిగింది. "బాగుంటే పాట ఎందుకు వేయలేదక్కా?"

అప్పుడే హేమంత్ వెనకనుంచి వచ్చాడు. ఎవరో తెలుసుకుని, "పెట్టకండి, మాట్లాడిస్తూ ఉండండి, రికార్డు చేస్తున్నాం" అన్నాడు గుసగుసగా. ఎస్తేరు నాకూ స్టూడియోకూ కలిపిన తీగను పట్టి లాగేసింది. నాకు నొప్పి పుట్టింది. అయినా సరేననుకున్నాను. తర్వాత ఆవిడ ఒక్క మాట కూడా చెప్పకుండా నోరు తెరిచి పడవ పాట ఎత్తుకుంది.

ఆవిడ ఆదివారాలు చర్చిలో పాడుతుందట. సినిమా పాటను కూడా ప్రార్థనలాగే సాగదీసి పాడింది. రెండో లైనులో శ్రుతి తప్పింది. మూడో లైనులో మాటలు మరిచిపోయి కూనిరాగం తీసింది. హేమంత్ "మేడమ్, మేడమ్" అంటూనే ఉన్నాడు. ఆవిడ ఆపలేదు.

లైను తెగిందేమోనని భయపడ్డాను. తర్వాత ఊపిరి వినబడింది.

"ఏ పాటో నేను చెప్పలేదు గదా నీకు" అంది ఈశ్వరమ్మ.

"మీ ఆయన చెప్పిండు. షోకు ముందుగాల ఫోన్ చేసి ఇదే పాట అడిగిండు."

"వెన్నెల పాట అడగలేదు గదా?"

"లేదమ్మా. పడవ పాటే."

ఈశ్వరమ్మ ఏడ్చింది. కాసేపే. వెనక నుంచి ఎవరో వేరే భాషలో కసురుతున్నారు. ముక్కు తుడుచుకున్న చప్పుడైంది. తర్వాత, ఇంట్లో వంటగదిలోంచి కేకేసినట్టు మామూలు గొంతుతో అంది:

"ఆయప్పకు తల దువ్వడం రాదక్కా, చిక్కులు గట్టిగా లాగుతాడు. పాప తల మెల్లింగా దువ్వమని చెప్పు."