ఏమీ వినపడనివాళ్ల జాబితా

మున్సిపాలిటీ ఆఫీసు ముందున్న చౌకులో ఎంత కిక్కిరిసినా నాలుగొందల మందికి మించి పట్టరు. ఇంజనీరు టేపు పెట్టి కొలిచి మరీ చెప్పాడు. యాభయ్యేళ్ల కిందట, పరాయి పాలన పోయిందని నాయకుడు బాల్కనీలోంచి ప్రకటించిన రోజున, అదే చౌకులో మేమూ ఉన్నామని దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు మాత్రం రెండు వేల మూడొందల పదహారు మంది. అందరూ నిజమే చెబుతున్నారనుకుంటే, ఆ రోజు ఒక్కొక్కరి భుజాల మీద ఐదుగురేసి నిలబడి ఉండాలి.

స్వర్ణోత్సవానికి టౌన్‌హాల్లో ఒక రాతి పలక పెట్టి, ఆనాటి సంగతి కళ్లారా చూసినవాళ్ల పేర్లన్నీ దాని మీద చెక్కించాలనీ, వాళ్లు చెప్పిన మాటలతో చిన్న పుస్తకం కూడా వేయాలనీ కమిషనరు తీర్మానించాడు. కుర్రవాడు, కొత్తగా వచ్చాడు, ఉత్సాహం ఎక్కువ. దరఖాస్తుల గుట్ట చూసి నోరు వెళ్లబెట్టాడు. ఆ నోరు మూసుకోకముందే గుట్టనంతా రికార్డు రూము చూసుకునే ఆవిడ బల్ల మీదకి పంపించేశాడు.

ఆవిడ ఇరవై రెండేళ్లుగా ఆ గదిలోనే ఉంది. కాగితం మీద అబద్ధం కనిపిస్తే ఆవిడకు తుమ్ములొస్తాయని ఆఫీసులో చెప్పుకునేవారు. నిజానికవి దుమ్ముకి వచ్చే తుమ్ములు. కానీ ఆ మాట వల్ల తప్పుడు బిల్లులు పెట్టేవాళ్లు ఆవిడ వైపు రావడం మానేశారు కాబట్టి, ఆవిడ ఎన్నడూ దాన్ని దిద్దలేదు.

ఆ గుట్టను వడకట్టే దారి కోసం పాత ఫైళ్లు తిరగేస్తుంటే ఒక సంజాయిషీ దొరికింది. ఆనాడు మైకు సెట్టు పెట్టినాయన రాసుకున్నది. నాయకుడుగారు ‘సోదర సోదరీమణులారా’ అనేలోపే మైకు కాలిపోయిందనీ, ఆ సంగతి తెలియక ఆయన పదకొండు నిమిషాలు మాట్లాడారనీ, ఈలల్లో చప్పట్లలో బాల్కనీ మీదున్న నలుగురికి తప్ప కింద ఎవరికీ ఒక్క ముక్క వినపడలేదనీ, పాత జెండా దిగడం చూసే జనం సంగతి అర్థం చేసుకున్నారనీ, ఇందులో తన తప్పు వీసమెత్తయినా లేదనీ రెండు పేజీల నిండా ఉంది. మర్నాడు నాయకుణ్ణి రేడియో స్టేషనుకి తీసుకెళ్లి, అదే ఉపన్యాసం మళ్లీ చదివించి సాయంత్రం వినిపించారు. పిల్లల పాఠాల్లో ఉన్నదీ, ఏటేటా వీధుల్లో మోగేదీ ఆ రెండో రోజు గొంతే.

ఆవిడ ఆ కాగితం కమిషనరుకి చూపించింది. ఇద్దరూ తలుపు వేసుకుని ఒక ఉపాయం ఆలోచించారు. ఒక్కొక్కరినీ లోపలికి పిలవాలి. ఒకే ఒక్క ప్రశ్న అడగాలి: ఆయన ఏమన్నారు? గడగడా అప్పజెప్పినవాళ్లు చౌకులో లేనట్టు. ఏమీ వినపడలేదన్నవాళ్లు ఉన్నట్టు. ఈ కిటుకు పని పూర్తయ్యేదాకా గది దాటకూడదు.

మొదటి రోజే రెండొందల మంది ఎగిరిపోయారు. ఉపన్యాసం మొత్తం చేతులు ఊపుతూ చెప్పినాయన ఒకరైతే, మధ్యలో నాయకుడు దగ్గిన దగ్గు కూడా దగ్గి చూపించినాయన ఇంకొకరు. ఆ దగ్గు రేడియో స్టేషన్లో దగ్గింది. నలభై తొమ్మిదేళ్లవాడొకడు అమ్మ కడుపులో ఉండి విన్నానన్నాడు. వాళ్ల మధ్యలోనే ఒక ముసలామె వచ్చి, “ఏం వినపడుతుంది నాయనా, నా ముందు గొడుగు. గొడుగు వెనక నేను. ఆ గొడుగుకి మూడు చిల్లులున్నాయి, అంతే తెలుసు” అని సిగ్గుపడుతూ వెళ్లిపోబోయింది. కమిషనరు లేచి నిలబడి ఆమెకు దండం పెట్టాడు. ఎందుకు పెట్టాడో తెలియక ఆమె కంగారుపడింది.

ఇదంతా ఆవిడకు సరదాగానే ఉండేది, ఒక్క సంగతి లేకపోతే. ఆవిడ తండ్రి దరఖాస్తు కూడా ఆ గుట్టలోనే ఉంది.

ఆయన సెలూను నడిపి ఆరేళ్ల కిందటే కొడుక్కి అప్పగించాడు. ఊళ్లో ఆయన్ను పేరుతో పిలిచేవాళ్లు లేరు, ‘చెవులారా’ అంటారు. “కళ్లారా చూశాను, చెవులారా విన్నాను” అని మొదలుపెట్టి, ఆ ఉపన్యాసం పదకొండు నిమిషాలూ అక్షరం పొల్లుపోకుండా చెప్పేవాడు. ఎప్పుడు చెప్పేవాడంటే, కుర్చీలో కూర్చున్నవాడి గొంతు మీద కత్తి ఆనించి ఉన్నప్పుడు. ఆ స్థితిలో అనుమానాలు వ్యక్తం చేసిన కస్టమరు ఒక్కడూ లేడు. “ఈ ఇల్లు మనది. ఇక ఊడ్చుకోవలసిందీ మనమే, తాళం వేసుకోవలసిందీ మనమే” అనే చివరి వాక్యానికి వచ్చేసరికి కత్తి గాల్లోకి లేచేది, కస్టమరు ఊపిరి పీల్చుకునేవాడు.

కూతురికి అదే జోలపాట. చిన్నప్పుడు బడిలో “మా నాన్న అక్కడే ఉన్నాడు” అని చెప్పుకుని, చెవులు మూసుకున్న పిల్లల వెంటపడి మరీ వినిపించింది. ఇప్పుడు సంజాయిషీ చదివిన దగ్గర్నుంచి రెండు నెలలుగా ఆయన మొహంలోకి సరిగ్గా చూడలేకపోతోంది. పలక మీద నాన్న పేరు లేకపోతే ఊరు నవ్వుతుంది. ఉంటే, అది తన చేత్తో రాసిన మొదటి అబద్ధం అవుతుంది. అంతకంటే పెద్ద బాధ వేరే ఉంది. అసలు ఆయన అక్కడున్నాడా లేడా?

పిలుపు వచ్చిన రోజు పొద్దున్నే ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మీసం కత్తిరించుకుంటూ అద్దం ముందు నిలబడ్డాడు. కూతురు కాఫీ పట్టుకుని పక్కన చేరింది.

“నాన్నా, అక్కడ మరీ అంత వివరంగా చెప్పక్కర్లేదు.”

“ఎందుకని?”

“అంత జనంలో... అన్నీ వినపడకపోవచ్చు కదా. కొంచెం వినపడింది, కొంచెం వినపడలేదు అన్నా తప్పేం లేదు.”

ఆయన కత్తెర దించి కూతుర్ని ఎగాదిగా చూశాడు. “యాభయ్యేళ్లు విన్నానని చెప్పి ఇవాళ వినలేదని చెప్పమంటావా? అది కూడా కమిషనరు ముందు. ఆయన క్రాపు మన షాపులోనే.”

ఉల్లిపాయలు తరుగుతున్న తల్లి తలెత్తకుండానే, “ఆయన్ని ఆపగలిగినవాళ్లు ఇంకా పుట్టలేదులే” అంది.

కూతురు కాఫీ గ్లాసు అద్దం పక్కన పెట్టేసి బయల్దేరింది. ఆ మాత్రం చెప్పినందుకే తప్పు చేసినట్టు చెవులు వేడెక్కాయి. దారి పొడుగునా తనను తానే తిట్టుకుంటూ ఆఫీసుకి వెళ్లింది.

పదకొండింటికి ఆయన వంతు వచ్చింది. “మీ నాన్నగారిని నేనే అడుగుతాను మేడమ్, మీరు రాసుకోండి చాలు” అన్నాడు కమిషనరు, మర్యాదస్తుడు కాబట్టి. ఆయన వచ్చి కుర్చీలో కూర్చోలేదు. తను నిలబడి, ఎదుటివాళ్లు కూర్చోవడమే ఆయనకు అలవాటు.

“బాబాయిగారూ, ఆ రోజు ఆయన ఏమన్నారు?”

చెప్పాడు. పదకొండు నిమిషాలూ చెప్పాడు, దగ్గుతో సహా. గొంతు బ్రహ్మాండంగా ఉంది. చివరి వాక్యానికి కత్తి లేని చెయ్యి గాల్లోకి లేచింది. కమిషనరు బల్ల కేసి చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ ఎర్ర పెన్సిలు తీసుకుని నాన్న పేరు మీద గీత కొట్టింది. గీత వంకర పోయింది. ఇరవై రెండేళ్లలో ఆవిడ వంకర గీత గీయలేదు.

“బాగా వచ్చిందా అమ్మా?” అన్నాడాయన.

“బాగా వచ్చింది నాన్నా.” ఏడుపు ఆపుకోవడం ఆవిడకు చేతకాదు, అందుకని తుమ్మినట్టు నటించింది.

బంట్రోతు తరవాతి పేరు పిలిచాడు. ఆ పేరు విని ఆవిడ చటుక్కున గుమ్మం వైపు చూసింది. లోపలికి వస్తున్నది అమ్మ. కొంగు సర్దుకుంటూ, కూరగాయల సంచీతో సహా వచ్చింది. బయటికి వెళ్లబోతున్న తండ్రి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“నువ్వెక్కడికి?” అన్నాడు.

“మీరు వచ్చిన చోటికే. నేనూ కాగితం పెట్టాను. అంత గుట్టలో అడుక్కి పోయుంటుంది, మీ కూతురు చూసుకోలేదు.” కుర్చీ లాక్కుని కూర్చుంది. “అడుగు బాబూ, బయట జనం ఉన్నారు.”

కమిషనరు గొంతు సవరించుకున్నాడు. “ఆ రోజు ఆయన ఏమన్నారమ్మా?”

“ఎవరికి తెలుసు? మైకు చచ్చిపోయింది. పైన ఆయన నోరు కదులుతోంది, కింద వీళ్లు ఈలలేస్తున్నారు. ఏమంటున్నాడండీ అని పక్కనున్నాయన్ని అడిగాను. ఆయన చాలా శ్రద్ధగా వింటున్నట్టు తల ఊపుతున్నాడు, సరే ఈయనకి వినపడుతోందేమో అనుకున్నాను.”

“ఆయనేం చెప్పారు?”

“ఇవాళ్టి నుంచి ఆడవాళ్లకి బస్సులో టిక్కెట్టు లేదంటున్నారు అని చెప్పాడు. ఇంకా చాలా చెప్పాడు. అరగంట చెప్పాడు. నాయకుడు లోపలికి వెళ్లిపోయాక కూడా చెబుతూనే ఉన్నాడు. తనెక్కడ పనిచేస్తాడో, ఏ వీధిలోనో, అడక్కుండానే అదీ చెప్పాడు. మర్నాడు పొద్దున నేను దర్జాగా టిక్కెట్టు లేకుండా బస్సెక్కాను. కండక్టరు నలుగురిలో దింపేశాడు. దిగినచోటి నుంచి నడుచుకుంటూ ఆ సెలూను వెతుక్కుని వెళ్లి, కస్టమర్ల ముందే ఉతికి ఆరేశాను.”

గుమ్మంలో నిలబడ్డాయన తల దించుకుని చెప్పులు సర్దుకున్నాడు. కూతురు ఒకసారి అమ్మను చూసింది, ఒకసారి నాన్నను చూసింది. వీళ్ల పెళ్లి మేనత్త కుదిర్చిందని కదా ఇంతకాలం విన్నది.

“ఆ సాయంత్రం అసలు ఉపన్యాసం రేడియోలో వచ్చింది” అంది తల్లి. “ఈయన ఎవరి రేడియో దగ్గర కూర్చుని, ఎవరి కాళ్లు పట్టుకుని రాయించుకున్నాడో గానీ, వారం తిరక్కుండా మొత్తం బట్టీ పట్టి మా వీధి చివరకొచ్చి నిలబడ్డాడు. ఆ రోజు తప్పు చెప్పాను, అసలు మాటలు ఇవీ అని పదకొండు నిమిషాలూ అప్పజెప్పాడు. మొదటిసారి నాకే చెప్పాడు. ఆ తరవాతే మీ అందరికీ.”

కమిషనరు కుర్చీలో ముందుకి వంగాడు. “మరి ఇన్నాళ్లూ మీరు చెప్పలేదేమమ్మా, ఆయన విన్నదేమీ లేదని?”

“విన్నానని చెప్పుకోవడం ఆయనకిష్టం. నన్నెవరూ అడగలేదు.” తల్లి సంచీ ఒళ్లోకి లాక్కుంది. “ఇవాళ నువ్వు అడిగావు.”

రికార్డు రూము ఆవిడకు రెండు నెలలుగా నాన్న మీద పేరుకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. ఆయన అక్కడే ఉన్నాడు. నిజంగా ఉన్నాడు. వినపడని మాట కల్పించి చెప్పి, ఆ పొరపాటు దిద్దుకోవడానికి నేర్చుకున్నదాన్ని జీవితమంతా వల్లెవేస్తూ, ఆఖరికి నిజం చెప్పాల్సిన చోట కూడా అదే అప్పజెప్పి తన పేరు తనే కొట్టించుకున్నాడు. ఆవిడకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండింటినీ ఆపలేదు.

“నాన్నా, ఇలా రా” అంది. “ఇప్పుడు నేనడుగుతున్నాను. నువ్వు చెప్పింది పుస్తకంలో వేస్తారు, ఊరంతా చదువుతుంది. ఆలోచించుకుని చెప్పు. ఆ రోజు నువ్వు ఏం విన్నావు?”

ఆయన వచ్చి, ఈసారి కూర్చున్నాడు. కిటికీలోంచి బయట వరండాలో వరస కట్టినవాళ్లు కనబడుతున్నారు. సగం మందికి ఆయన గెడ్డం గీసినవాడే. వాళ్లను చూశాడు, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు, పక్కనున్న భార్యను మాత్రం చూడలేదు.

“ఏమీ వినపడలేదు” అన్నాడు. గొంతు చిన్నదైపోయింది. “ఒక్కటే వినపడింది. ఏమంటున్నాడండీ అని ఈవిడ అడగడం. తెలీదంటే ఇంకొకరిని అడుగుతుందేమోనని భయమేసింది.”

కూతురు ఎర్ర గీతను చెరిపి, పేరు కింద ఆ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు రాసింది. రాసి, ఇంకేమైనా ఉందా అన్నట్టు తలెత్తి చూసింది. యాభయ్యేళ్లుగా ఎవరు ఆపినా ఆగనివాడు, అంతే రాసుకోమని తల ఊపి ఊరుకున్నాడు.