నూతి తాబేలు

పాతపట్నంలో నరసింగరావుకి తెలిసినంత చట్టం జడ్జీలకి కూడా తెలియదని నరసింగరావే చెప్పుకునేవాడు. గట్టు తగాదాల కోసం కోర్టు మెట్లెక్కి దిగడం తప్ప ఆయన చదివిందేమీ లేదు. పక్కవాడి మేక చేలో పడితే చాలు, సెక్షన్లు వల్లించేవాడు. ఆ సోది విని విని భార్య దాలమ్మ, ఆయన నోరు తెరవగానే చేట పట్టుకుని పెరట్లోకి పోయేది.

ఆ యేడు తవ్వించిన నూతిలో నీళ్లు నాచు పట్టాయి. తాబేలుంటే నీళ్లు తేటగా ఉంటాయని ఆ ఊళ్లో అందరూ ఒకదాన్ని వదులుతారు. ఊరందరి నూతుల్లో ఉండేపాటి చిన్న తాబేలు ఈయనగారి హోదాకి చాలలేదు. కొండ మీద రిజర్వు అడవిలో పారే గెడ్డలోంచి పళ్లెమంత దాన్ని పట్టుకురమ్మని, ఇంట్లో పాలేరు పని చేసే కంబారి సోముల్ని పంపాడు. అడవిలో పట్టకూడదేమో బాబూ అని వాడు నసిగితే, చట్టం నాకు చెప్తావా అని కసిరాడు. తెచ్చాక పసుపు రాయించి, కొబ్బరికాయ కొట్టి నూతిలోకి దింపించి, బజారంతా డప్పు కొట్టుకున్నాడు.

అది ఫారెస్టు గార్డు చెవిన పడింది. ఆయన వచ్చి అరుగు మీద కూర్చోకుండానే సంగతి చెప్పాడు. రిజర్వులోంచి అనుమతి లేకుండా ప్రాణిని తేవడం నేరం. తెప్పించినవాడు తాబేలుతో సహా రేంజి ఆఫీసుకొచ్చి ఒప్పుకుంటే జరిమానాతో పోతుంది. లేదంటే పట్టినవాడి మీద కేసు, జైలు.

నరసింగరావు గొంతు సవరించుకున్నాడు.

"నాకేటీ తెలీదు. ఈ సోములుగాడే తెచ్చి పడీసినాడు."

సోములు తల దించుకున్నాడు. ఇంట్లో నెలలు నిండిన పెళ్లాం ఉంది. అయినా కూడు పెట్టిన ఇంటి మీద నోరెత్తలేకపోయాడు.

దాలమ్మకి ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ మొగుణ్ణి ఉత్త వాగుడుకాయ అనుకుంది గానీ ఇంత పిరికిపందనుకోలేదు. పరాయివాళ్ల ఎదుట ఆయన మాట కాదనడం ఆమె ఎన్నడూ ఎరగదు. గుమ్మం దాటి వచ్చింది.

"తెమ్మన్నది ఈయనే బాబూ. నా సెవుల్తో ఇన్నాను," అంది గార్డుతో.

అన్ని సెక్షన్లలో ఒక్కటీ నరసింగరావు నాలిక మీదికి రాలేదు.

సోములు నూతిలోకి దిగి తాబేల్ని పైకి తెచ్చాడు. దాలమ్మ అందుకుని, నీళ్లోడుతున్నదాన్ని అలాగే మొగుడి ఇస్త్రీ చొక్కాకి ఆనించి చేతుల్లో పెట్టింది. ఆ బరువుకి ఆయన ఓ పక్కకి ఒరిగాడు. సోములు అలవాటు కొద్దీ చేతులు చాపాడు.

"నువ్వు ముట్టుకోకురా సోములూ," అంది దాలమ్మ. "బజారు మీంచి ఆయన్నే మొయ్యనీ."