సీటు కింద సొరచేప నూనె

నాకు ముక్కు పని చెయ్యదని మా ఆవిడ సుభాషిణి పెళ్ళైన కొత్తలోనే కనిపెట్టింది. ఉన్న ముక్కు, కోపం కూర్చోడానికి తప్ప దేనికీ పనికిరాదని ఇప్పటికీ అంటుంది. మైపాడు పక్కన పల్లెలో పుట్టి, ఎండుచేపల మధ్య పెరిగి, చేపల గంపలు మోసే ట్రాలీ బండి తోలుకుని బతికేవాడికి ముక్కు పని చెయ్యకపోవడం దేవుడిచ్చిన వరమని నేను వాదించేవాణ్ణి. ఆ వరమే ఈ ఏడాది నా కొంప ముంచబోయింది.

మా పల్లె ఆడవాళ్ళు రోజూ తెల్లారేసరికి నా బండిలో గంపలు పెట్టుకుని నెల్లూరు మార్కెట్‌కి వస్తారు. వాళ్ళకి పెద్ద మాలకొండమ్మత్త. మోకాళ్ళ నొప్పులని ఆవిడ ముందు సీట్లో నా పక్కన కూర్చుంటుంది, మిగతావాళ్ళు వెనక గంపల మధ్య సర్దుకుంటారు. ఆవిడ ఏ బండెక్కితే అందరూ ఆ బండే ఎక్కుతారు. నా బండికి ఇంజను సీటు కిందే ఉంటుంది. కొన్నప్పటి నుంచి ఆ సీటు ఎత్తి లోపలికి చూసింది తక్కువ. చూస్తే బాధపడాల్సి వస్తుందని చూసేవాణ్ణి కాదు.

వేసవిలో సర్కారు పెట్టే చేపల వేట నిషేధం మొదలయ్యే ముందు రోజు, మార్కెట్ దగ్గర దిగి అత్త చల్లగా చెప్పింది.

"అబ్బయా, నీ ఇంజను కాడ కాలే మురికి నూనె కంపంతా నా చేపలకి పడతా ఉండాది. కొనేవాళ్ళు వాసన చూసి పక్క గంప కాడికి పోతా ఉండారు. వేట బంద్ అయిపోయినాక పెంచల్ బండెక్కుతాం."

మా పల్లెలోనే బండి తోలే పెంచల్ ఈ మధ్య కొత్త బండి కొన్నాడు. అందులో అగరొత్తులు వెలిగిస్తాడు. చేపల బండిలో అగరొత్తులేమిటో నాకర్థం కాదు గానీ, ఆడవాళ్ళకి అర్థమైనట్టుంది.

"ఎక్కండి, నాకేంది" అనడానికి నోరు తెరిచాను. ఈ గంపలు పోతే నా బండి మోసేది సముద్రపు గాలి ఒక్కటేనని అంతలోనే గుర్తొచ్చింది. తెరిచిన నోటితోనే బతిమాలాను.

"ఒక్క రోజు చూడత్తా. బంద్ అయిపోయిన మొదటి రోజు నా బండెక్కు. మురికి కంపొస్తే నేనే నిన్ను తీసకపోయి పెంచల్ బండెక్కిస్తా."

ఆవిడ సరేనని తలూపింది.

నిషేధం రోజుల్లో మా పల్లెలో మగవాళ్ళు వలలు బాగు చేసుకుంటారు, పడవలకి రంగులేసుకుంటారు. నేను ఇంజను ముందేసుకుని కూర్చున్నాను. షెడ్డుకి తీసుకుపోతే ఒక పూటలో అయిపోయే పని. కానీ షెడ్డు మేస్త్రీ ఒకసారి నా ఇంజను చూసి నవ్వాడు. అప్పటి నుంచి నాకూ ఆయనకీ మాటల్లేవు. ఆయనకా సంగతి తెలియదనుకోండి.

సీటు ఎత్తాను. లోపల ఇంజను కనిపించలేదు. నూనె, గాలికొచ్చిన ఇసుక, చేప పొలుసులు కలిసి అట్టలు కట్టి ఉన్నాయి. బ్యాటరీ వైర్లు ఊడదీసి, తడవకూడని వాటికి ప్లాస్టిక్ సంచులు చుట్టి, డీజిల్లో ముంచిన బ్రష్షుతో మొదలుపెట్టాను. స్క్రూడ్రైవరుతో గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడింది. మొన్న ఆయుధపూజకి కట్టిన నిమ్మకాయ రాయిలా ఎండి బయటపడింది. అంతకు ముందటి ఆయుధపూజ నిమ్మకాయ దాని కింద ఉంది. రొయ్య మీసాలు, మల్లెపూల దారం, ఎప్పుడో పోయిందని ఇంట్లో అందరినీ తిట్టిపోసిన నా దువ్వెన కూడా దొరికాయి. దువ్వెన సంగతి ఇంట్లో చెప్పలేదు.

సందుల్లోకి వేలు పోకపోతే పళ్ళు తోముకునే బ్రష్షు తెచ్చాను. అది తనదని సుభాషిణి తర్వాత చెప్పింది. సబ్బు పొడి నీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, సీటు ఎత్తి ఎండకి ఆరబెట్టాను. ఆరిన తర్వాత చూస్తే ఇనుము ఇనుములా మెరుస్తోంది. నాకే కళ్ళు చెమర్చాయి.

పని అక్కడితో ఆపి ఉంటే నేను చెంగయ్యని ఎందుకవుతాను. ఉప్పు గాలికి వట్టి ఇనుము ఎన్నాళ్ళు ఆగుతుంది, తుప్పు పట్టదూ అని అనుమానం వచ్చింది. మా నాయన చిన్నపోలయ్యకి చెక్క పడవ ఉండేది. వేట లేని రోజుల్లో దానికి సొరచేప నూనె పట్టించేవాడు. ఆ పడవ మా నాయన కంటే ఎక్కువ కాలం బతికింది. ఇప్పుడన్నీ ఫైబరు పడవలే కాబట్టి ఆ నూనెతో ఎవరికీ పని లేదు. మా నాయన దాచిన సీసా మాత్రం అటక మీద అలాగే ఉంది. పడవని కాపాడిన నూనె ఇంజనుని కాపాడదా? నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇంజనుకంతా బ్రష్షుతో పూశాను. పొగ గొట్టం దగ్గర తుప్పు ఎక్కువ పడుతుందని అక్కడ ఇంకో పూత వేశాను.

వాసన రాలేదా అని మీరు అడగొచ్చు. ముక్కు సంగతి ముందే చెప్పాను. పైగా మా ఇంటి చూరు నిండా ఎండుచేపలు వేలాడుతుంటాయి. సుభాషిణికి కూడా ఏమీ తెలియలేదు. డీజిలు దండగని బండి స్టార్ట్ చేసి వెంటనే ఆపేశాను కాబట్టి ఇంజను వేడెక్కనూ లేదు.

ఇంజనుకి కుంకుమ బొట్టు పెట్టి, దారిన పోయేవాళ్ళందరినీ పిలిచి సీటు ఎత్తి చూపించాను. సుభాషిణి గడపలో నిలబడి చూసింది.

"పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఇంత ఇదిగా చూళ్ళేదు గదయ్యా నువ్వు" అంది.

నిషేధం ముగిసిన తర్వాత మొదటి వేట పడవలు చీకటితోనే ఒడ్డుకొచ్చాయి. వంజరం, కానాగంత చేపలు గంపల నిండా పడ్డాయి. అత్త వచ్చి ముందు సీట్లో కూర్చుంది. నేను గట్టిగా గాలి పీల్చి వదిలాను.

"చూడత్తా, ఏమన్నా వాసనొస్తా ఉండాదా?"

"లేదబ్బయా" అంది.

దారిలో ఇందుకూరుపేట దాకా నేను రాజునే. అక్కడికొచ్చేసరికి ఇంజను వేడెక్కింది. ముందు సీటు సందుల్లోంచి సన్నటి పొగ లేచింది. తర్వాత వాసన. నా ముక్కుకే తెలిసిందంటే ఎలాంటి వాసనో ఊహించుకోండి. సముద్రంలో ఉన్న సొరచేపలన్నిటినీ ఒకే బాణలిలో వేయించినట్టుంది.

వెనక గంపల మధ్య కూర్చున్న విజయకుమారి క్యాబిన్ మీద దబదబా బాదింది.

"ఏందన్నా, సీటు కింద పొయ్యి పెట్టినావా? కడుపులో తిప్పతా ఉండాది."

ఆపితే పరువు పోతుందని ఇంకా వేగంగా తోలాను. వేగం పెరిగితే వేడి పెరుగుతుందని అప్పుడు తట్టలేదు. రోడ్డు పక్క కుక్కలు మొరగడం మానేసి తోక ఊపుతూ వెంటపడ్డాయి. ఆడవాళ్ళ గోల పడలేక టీ కొట్టు దగ్గర ఆపితే, ఎక్కణ్ణుంచో రెండు పిల్లులొచ్చి బండి కింద దూరాయి. టీ తాగుతున్న పెద్దమనిషి లేచి వచ్చి, లోపలికి తొంగి చూసి, ఒక ప్లేటు కట్టి ఇమ్మన్నాడు. నేను ఆయన మీద అరిచాను. ఆయన తప్పేమీ లేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

వెనక అందరూ ముక్కులకి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. అత్త ఒక్కతే పెట్టుకోలేదు. కిటికీ వైపు తిరిగి, ఒక్క మాట మాట్లాడకుండా కూర్చుంది. ఆవిడ తిట్టి ఉంటే ధైర్యంగా ఉండేది. మౌనం చూసేసరికి నా పని అయిపోయిందనుకున్నాను. రేపటి నుంచి పెంచల్ అగరొత్తుల పొగ వెనక ఖాళీ బండి తోలుకుంటూ పోవడం కళ్ళకు కట్టింది. నిజంగానే ఏడుపొచ్చింది.

మార్కెట్ దగ్గర గంపలు దించారు. అత్త మాత్రం సీట్లోంచి కదల్లేదు.

"అత్తా, పెంచల్‌తో నేనే మాట్లాడతాలే" అన్నాను, తలొంచుకుని.

"ఇది సొర నూనె గదబ్బయా. నీకు యాడిది?"

"మా నాయనది. తుప్పు పట్టకుండా పూసినా."

ఆవిడ సీటు మీద అరచెయ్యి పెట్టి నిమిరింది.

"మీ మామ పడవకి ఇదే పూసేవాడు. బంద్ అయినాక మొదటి రోజు పడవ దాపుకొస్తానే గాలికి ఈ వాసనొచ్చేది. వచ్చినాడులే అని పొయ్యి మీద ఎసరు పెట్టేదాన్ని. ఒకేడు ఆ పడవా రాలేదు, ఆ మనిషీ రాలేదు. ఈ వాసన మర్చిపోయినా అనుకున్నా."

నేను దిగి అటుపక్కకి పోయి, ఆవిడ దిగడానికి చెయ్యి అందించాను.

"రేపు కూడా నీ బండే" అని దిగింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఆ నూనె తుడవబాక, అట్నే ఉండనీ."

విజయకుమారి ఊరుకుంటుందా? గంప కింద పెట్టి వచ్చింది. "అత్తా, నీకు బాగానే ఉండాది. మేం రోజూ కక్కుకుంటా రావాల్నా?" అంది. మిగతావాళ్ళు కూడా చుట్టూ చేరారు. మార్కెట్ నడిరోడ్డు మీద నా ఇంజను గురించి పంచాయితీ జరిగింది. నూనె కడిగెయ్యాల్సిందేనని తేల్చారు, నన్నెవరూ ఏమీ అడగలేదు.

ఆ సాయంత్రం మళ్ళీ డీజిలు, మళ్ళీ బ్రష్షు, మళ్ళీ సబ్బు పొడి. నూనెంతా కడిగేశాను. అత్త కూర్చునే పక్క ఒక్క బోల్టుకి మాత్రం ఉంచాను. ఇప్పుడు వేటకి పడవలు పోయిన ప్రతి రోజూ, బండి తీసే ముందు ఆ బోల్టుకి అగ్గిపుల్లతో ఒక్క చుక్క అద్దుతాను. వెనకవాళ్ళకి తెలియదు. సీసాలో అడుగునే మిగిలింది కాబట్టి, పిసినారినని నన్ను తిట్టేవాళ్ళు కూడా ఈ పిసినారితనాన్ని క్షమించాలి.

మొన్న పెంచల్ నన్ను ఆపి, ముసలామె నా బండిని ఎందుకు వదలడం లేదని అడిగాడు. శుభ్రత అని చెప్పాను. ఇంటికి పోయి తన ఇంజను కడుక్కుంటున్నాడట.

ఇందుకూరుపేట దాటగానే ఆ చుక్క వేడెక్కుతుంది. అత్త కిటికీ వైపు తిరిగి కళ్ళు మూసుకుంటుంది. ఊరంతా వాగుడుకాయ అని పిలిచే నేను, మార్కెట్ వచ్చేదాకా నోరు మూసుకుని బండి తోలుతాను.