పన్నెండులో పావు

స్విచ్చు వేసే ముందు గులాం రసూల్ ఎప్పటిలాగే తెరను తడిగుడ్డతో తుడిచాడు. మూలల్లో పేరుకున్న దుమ్మును గోటితో గీకాడు. దాతలెవరో నల్లబల్ల పీకించి ఈ పలక పెట్టించాక, సంతోష్‌నగర్ సందులోని ఆ చిన్న బడికి స్మార్ట్ అన్న బిరుదు వచ్చింది. పైకప్పు మాత్రం బిరుదులేవీ పట్టించుకోకుండా కారుతూనే ఉంది.

గోరింటాకు పెట్టిన గడ్డం, కుంగిన ఎడమ భుజం. కుర్రతనంలో ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు మోసిన గుర్తు అది. ఆ మోత మాన్పించి ఈ బడిలో ప్యూను పని ఇప్పించింది అతని భార్య యాస్మీన్. ఆమె ఇక్కడే లెక్కల టీచరు. బడిలో ఆమె పిలిస్తే పరుగెత్తుకొచ్చేవాడు, ఇంట్లో ఇద్దరూ ఒకే పళ్లెంలో తినేవాళ్లు. నవ్వేవాళ్లను నవ్వుకోనిచ్చాడు.

కరోనాకు బడి మూసినప్పుడు ఆమె ఇంట్లోనే పాఠాలు చెప్పింది. ఫోను పట్టుకుని రికార్డు చేసింది అతనే. పిల్లలు ఎదుట లేకపోయినా ప్రశ్న అడిగి ఆగేది, జవాబుకు చోటు వదిలేది. మరుసటి ఏడు ఆ జబ్బే ఆమెను తీసుకుపోయింది. పాఠాలు ఈ తెరలోకి చేరాయి.

వేసవిలో నాలుగో తరగతి టీచరు మానేసింది. హెడ్మిస్ట్రెస్ వీణ మేడం రెండు తరగతుల మధ్య పరుగులు తీస్తూ, తను వచ్చేదాకా ఏదో ఒక పాఠం పెట్టి పిల్లల్ని కూర్చోబెట్టమని అతనికి చెప్పింది. తను వచ్చేదాకా అన్నది, రాను రాను రోజంతా అయింది.

ఇవాళ దాతల తరఫున మనస్విని అనే అమ్మాయి వచ్చింది. తెరలిచ్చిన బళ్లలో వాటితో చదువు ఎంత బాగా సాగుతోందో చూసి మార్కులు వేయడం ఆమె పని. మంచి మార్కులొస్తే మిగతా గదులకూ తెరలొస్తాయి, పాఠాలు ఇలాగే నడుస్తాయి. లేకపోతే పద్ధతి మార్చాల్సిందే. వీణ మేడం కొంగుతో నుదురు తుడుచుకుంటూ నిలబడింది. గులాం రసూల్ రోజూ పెట్టే పాఠమే పెట్టాడు.

యాస్మీన్ తెర మీదికి వచ్చింది. పన్నెండులో పావు ఎంత అని అడిగి ఆగింది.

"మూడు" అన్నారు పిల్లలంతా.

"శాబాష్. సమజైందా?"

"సమజైంది టీచర్."

మనస్విని ముఖం విప్పారింది. ఎన్ని బళ్లు తిరిగినా తెరతో ఇలా మాట్లాడే పిల్లల్ని చూడలేదన్నది. పాఠం చివర యాస్మీన్ పక్కకు తిరిగి, ఎవరితోనో "చాయ్ సల్లగైతున్నది, తాగుండ్రి" అని నవ్వింది. తలుపు దగ్గర గులాం రసూల్ అలవాటుగా చేతిలోని చాయ్ గ్లాసెత్తి గుటక వేశాడు.

మనస్విని ముందు బెంచీలోని ఇంద్రజ అనే పాపను లేపి, ఇరవైలో పావు ఎంతని అడిగింది.

"మూడు" అన్నది ఇంద్రజ ధీమాగా.

ఎనిమిదిలో పావు ఎంతని తరగతినంతా అడిగింది. మూడు అన్నారు అందరూ. ఆమె ఏమనాలో తోచక ఆగింది. ఆ ఆగడం వాళ్లకు బాగా అలవాటైనదే.

"సమజైంది టీచర్" అన్నారు ఎవరూ అడగకుండానే.

గులాం రసూల్ గ్లాసు గడప మీద పెట్టేశాడు. రోజూ ఆ జవాబులు వింటూ యాస్మీన్ ఇంకా పాఠం చెబుతోందనుకున్నాడు. పిల్లలు నేర్చుకున్నది పావు కాదు, ఆమె వదిలిన చోటు.

వీణ మేడం పిల్లలు బెదిరారని ఏదో సర్దిచెప్పబోయింది. అతను లోపలికొచ్చాడు.

"తప్పు నాది మేడం. వేరే పాఠాలు మస్తున్నయ్. నేనే పెట్టలే. ఆమె నా ఇంటామె. గీ పాఠం ఆఖర్ల నాతోని మాట్లాడ్తది."

మనస్విని మార్కుల కాగితం మడిచింది. తర్వాత, పాఠాలు పోవని, అతని ఫోనులో వేసిస్తానని, ఇక్కడ మాత్రం మనిషి చెప్పాలని మెల్లగా అన్నది.

"ఫోన్ల ఉన్నయ్ మేడం. ఇంట్ల ఆమె అడిగితె జవాబిచ్చేటోళ్లు లేరు."

అతనే వెళ్లి స్విచ్చు ఆపాడు. నవ్వుతూ పక్కకు తిరిగి ఉన్న ముఖం మాయమై, నల్లటి అద్దంలో అతని గడ్డం కనిపించింది. ఈసారి ఆమె పోతుంటే అతను దగ్గరే ఉన్నాడు. ఆసుపత్రిలో ఆ అదృష్టం కూడా దక్కలేదు.

నల్లబల్ల లేదు, సుద్దముక్క లేదు. దేంతో చెప్పాలో తెలియక వీణ మేడం దిక్కులు చూసింది. గులాం రసూల్ తన టిఫిన్ డబ్బా తెచ్చి మూత తీశాడు. మేడం అందులోంచి ఒక రొట్టె తీసుకుని నాలుగు ముక్కలు చేసింది. ఇంద్రజ మళ్లీ మూడనబోయి నోరు మూసుకుంది. ఒక్కో ముక్కనూ వేలితో తాకింది.

"పావంటే గిదొక్కటే" అన్నది.

గంట కొట్టే వేళకు ముందు బెంచీవాళ్లు మూడు ముక్కలు తినేశారు. నాలుగోది తీయబోయిన చేతిని ఇంద్రజ ఆపింది. అది తెరలోని టీచర్‌కని చెప్పి, ఆరిపోయిన పలక ముందు బల్ల మీద పెట్టి వెళ్లింది.

గులాం రసూల్ గదంతా ఊడ్చాడు, బెంచీలు తుడిచాడు, కిటికీలు మూశాడు. ఆ బల్లను మాత్రం ముట్టలేదు. తాళం పడ్డ గదిలో, నల్లటి తెర ముందు, పావు రొట్టె అంచులు ఎండుతూ ఉండిపోయింది.