వలతో కట్టిన కోళ్ళగూడు

ముప్పై ఏళ్ళు చేపలమ్మినదాన్ని నేను. కళింగపట్నం రేవులో తట్ట నెత్తికెత్తుకుంటే చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి గానీ దించేదాన్ని కాదు. చేపలమ్మిని ఎవరూ వీధి గుమ్మంలోకి పిలవరు, పెరట్లోకి రమ్మంటారు. అందుకే నేను చూడని పెరడు లేదు, చూడని కోళ్ళగూడూ లేదు. ఏ గూట్లో కోళ్ళు బతుకుతాయో, ఏ గూట్లో చస్తాయో నాకు తెలిసినంత మా ఊళ్ళో ఎవరికీ తెలియదు.

మోకాళ్ళు అరిగిపోయాయి, ఇక బరువు మోయొద్దని డాక్టరు చెప్పాక పెరట్లో కోళ్ళు పెంచుదామనుకున్నాను. గుడ్లమ్ముకుంటే ఇంటిపట్టునే ఉండి నా తిండి నేను తింటాను. ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదు. నాకు కావలసింది అంతే.

గూడు ఎలా ఉండాలో నా మనసులో ఎప్పుడో కట్టేసుకున్నాను. మూరెడు ఎత్తున సరుగుడు గుంజల మీద నిలబడాలి. అడుగున చెక్క, చుట్టూ సన్న కన్నాల ఇనుప జాలీ, పైన తాటాకు. తలుపు సముద్రపు గాలి కొట్టని వైపు ఉండాలి. నా దగ్గర చేపలు కొనే దేముడమ్మ పెరట్లో అలాంటి గూడే ఉంది. చుట్టూ ముంగిసలు తిరుగుతున్నా ఆవిడకు ఒక్క పిల్ల పోలేదు.

ఈ మాటే మా ఆయన గంగులుతో అన్నాను.

"ఇనప జాలీ ఏటికే? ఉప్పుగాలికి రెండేళ్ళలో తుప్పట్టి పోతాది. మన వల నేదేటి?" అన్నాడు.

ఆయన పడవ దిగి నాలుగేళ్ళయింది. చూపు మందగించిందని కుర్రవాళ్ళు వేటకు తీసుకెళ్ళడం మానేశారు. వలను మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. తన చేత్తో అల్లుకున్న నైలాను వల. నా మోకాళ్ళకు నూనె రాయమంటే విసుక్కునే మనిషి, రోజూ దాని ముడులు ఒక్కొక్కటీ తడిమి చూసుకుంటాడు.

"వల్లో పడ్డ సేపకి కొరికే తీరిక ఉండదు మావా. ముంగిసకి పొద్దస్తమానూ అదే పని," అన్నాను.

"సొరసేప తెంపనేని వల, ముంగిస తెంపేస్తాదేటి?"

రేవులో ఆయన ఈడువాళ్ళందరిదీ అదే మాట. పక్కింటి ఎల్లాజీ అయితే, "వల సంగతి నువ్వు మాకు సెప్తన్నావేటి వదినా," అని నవ్వాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఒక్కడంటే సర్దిచెప్పొచ్చు, రేవంతా కలిసి అంటే నేనేం చెయ్యను?

అయినా గట్టిగా పోట్లాడాల్సింది. కానీ గూటికని వల చేతికి తీసుకోగానే ఎన్నాళ్ళకో ఆ మనిషి మొహం వెలిగింది. అది చూసి నోరు మూసుకున్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది అక్కడే.

పదిహేను రోజులు కూర్చుని కట్టాడు. చూడ్డానికి బాగానే ఉంది, కాదనను. పన్నెండు నాటు కోడిపిల్లల్ని తెచ్చి నూకలు, చేపపొట్టు వేసి పెంచాను. కుక్కల భయానికి పగలు కూడా లోపలే ఉంచేదాన్ని. ఆరో నెలలో మొదటి పెట్ట గుడ్డు పెట్టింది. అది వెచ్చగా అరచేతిలో పెట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో.

ఆ వారంలోనే మోకాలి సూది మందుకని పొద్దున్నే శ్రీకాకుళం వెళ్ళాను. మధ్యాహ్నం వచ్చేసరికి వల అడుగున రెండు గుప్పిళ్ళంత కన్నం ఉంది. గంగులు రేవుకెళ్ళిన వేళ చూసి, ముంగిస ఒక్కటంటే ఒక్కదాన్నీ వదల్లేదు. అన్నిటికీ మెడ దగ్గరే కొరికింది.

గంగులు గూటి ముందు గొంతుక్కూర్చుని తెగిన చోటును వేళ్ళతో తడుముతున్నాడు. నన్ను చూసి తలెత్తాడు.

"సూసినావా, దారం మజ్జిలో కొరికింది గానీ ముడి ఒక్కటీ జారనేదు," అన్నాడు.

ఆ గొంతులో దిగులు లేదు, గర్వం ఉంది. గూట్లోంచి తీసేసిన పన్నెండు కోళ్ళూ ఆయన పక్కనే ఎండలో పడి ఉన్నాయి. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది.

"రేపటి నుంచి నానేటి తినాల మావా?"

"అదేటే అలగంతావు? రేపు పడవలొస్తాయి కదా, తట్ట ఎత్తుకో. నీకేటి కొత్తా?" అని మళ్ళీ వల మీదకు వంగాడు.

మోకాళ్ళ సంగతి డాక్టరు చెప్పిన రోజు నా పక్కన కుర్చీలో కూర్చుని విన్నది ఈయనే.