బెంచీలో మిగిలిన మనిషి

ఆదివారం పూజలో, క్రీస్తు శరీరమని నమ్మే అప్పాన్ని ఫాదరు గారు సత్ప్రసాదంగా ఇచ్చే వేళ, కతోలిక గుడిలో మనిషికి దాక్కునే చోటుండదు. బెంచీ వెంట బెంచీ లేస్తుంది. లేవనివాడి మోకాళ్లను రాసుకుంటూ మిగతావారు వెళ్తారు, రాసుకుంటూనే తిరిగి వస్తారు. ఘోరపాపం చేసినవారు ముందు ఫాదరు గారి దగ్గర తప్పు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకోవాలి, ఆ తర్వాతే సత్ప్రసాదం తీసుకోవాలన్నది నియమం. కనుక లేవనివాడి దగ్గర ఏదో ఉందని అందరికీ తెలుస్తుంది, ఏముందో తెలియదు. ఊహించే పని చుట్టూ ఉన్నవారిది.

అద్దాల కొట్టులో పనిచేసే అతను ఆ ఆదివారం కూడా లేవలేదు.

అతని భార్య దర్జీ. కుట్టు ఎక్కడ వదులైందో విప్పకుండానే పసిగట్టే మనిషి. కొన్ని వారాలుగా ఆమె సాక్ష్యాలు పోగుచేస్తోంది. నడుం పట్టేసిందని అతను ముందుగదిలో పడుకుంటున్నాడు. కొట్టుకు వెళ్లి చూస్తే నిలువెత్తు అద్దాన్ని ఒక్కడే మోస్తున్నాడు. ఇది మొదటిది. రెండోది థర్మామీటరు.

మూడో కాన్పులో ఆమె చావు తప్పించుకుని బయటపడింది. ఇంకొక కాన్పు వద్దని డాక్టరమ్మ ఖండితంగా చెప్పింది. గర్భం రాకుండా మాత్రలకూ ఆపరేషన్లకూ వాళ్ల మతం ఒప్పుకోదు. పొద్దున్నే ఒంటివేడి చూసుకుని, గర్భం నిలిచే రోజుల్లో దూరంగా ఉండటం ఒక్కటే ఒప్పుకుంటుంది. అందుకే థర్మామీటరు ఆమె దిండు కింద ఉంటుంది. “ఎంతుంది?” అన్నదే ఆ ఇంట్లో రోజూ అతని తొలిమాట. ఇప్పుడు ఆ మాట ఆగిపోయింది. భార్య అక్కర్లేనివాడికే భార్య ఒంటివేడి అక్కర్లేదు అని ఆమె తేల్చుకుంది. తర్కంలో దోషం లేదు, దాని పునాదే తప్పు.

గుడి నుంచి వచ్చాక అత్తగారు వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

“ఏమే, చాటుగా మాత్రలు గీత్రలు మింగుతున్నావా?”

“నేను మింగితే లేవకుండా కూర్చోవాల్సింది నేను కదా అత్తయ్యా?”

“అదీ నిజమే.” ఆవిడ కూరగిన్నె మూత తీసి చూసింది. “అయితే వాడికి ఇంకెక్కడో...” అని, మిగతా మాట మింగేసి, “ఉప్పు ఎక్కువేసినట్టున్నావు, చూసుకో,” అంది.

మర్నాడు మధ్యాహ్నం యజమాని భోజనానికి వెళ్లిన సమయం చూసి ఆమె కొట్టుకు వెళ్లింది. భర్త బల్ల మీద వంగి అద్దం కోస్తున్నాడు.

“ఎవరామె?”

“ఎవరు?”

“నేనడుగుతున్నదీ అదే.”

అతను కోత ఆపాడు. నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. “ఎవరూ లేరు. ఆపరేషన్ చేయించుకున్నాను.”

“దేనికి?”

“పిల్లలు పుట్టకుండా. పూర్తిగా పనిచేసేదాకా దూరంగా ఉండమన్నారు, అందుకే ముందుగదిలో పడుకున్నాను. మొన్న పరీక్ష కూడా చేసి, ఇక భయం లేదన్నారు.”

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. “నాతో ఒక్కమాట అనలేకపోయారా?”

“అంటే నీకూ అందులో వాటా వచ్చేది. నీకు తెలియకపోతే నీ మీద పాపం ఉండదు. నువ్వైనా లేచి వెళ్తావని.”

“మీరూ వెళ్లి పాపసంకీర్తనం చేసుకోండి. ఫాదరు గారు క్షమించరూ?”

“క్షమిస్తారు. కానీ ముందు నాకు పశ్చాత్తాపం ఉండాలి కదే. లేదు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో, తల్లా బిడ్డా అని నన్నడిగారు. అది గుర్తొచ్చినప్పుడల్లా మంచిపనే చేశాననిపిస్తుంది. చింతిస్తున్నానని ఫాదరు గారికి అబద్ధం చెబితే అది ఇంకో పాపం.”

ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కోపమే ముందు బయటపడింది. “ఇన్నాళ్లూ నేనేం అనుకున్నానో తెలుసా? ఎదురింటి టీచరమ్మని మనసులో ఎన్ని తిట్లు తిట్టానో!”

“ఆవిడకి అరవై దాటాయి!”

“అయినా తిట్టాను.”

ఆ వారమంతా ఆమె కుట్టుమిషను ముందు కూర్చుని రెండు ప్రశ్నలు వేసుకుంది. ఇందులో నీ సమ్మతి ఉందా అని ఫాదరు గారు అడిగితే లేదని నిజమే చెప్పగలదు. ఆ ఒక్క జవాబుతో లేచి వరుసలో నిలబడవచ్చు. జరిగినందుకు బాధపడుతున్నావా అని అడిగితే? ఇక్కడికి వచ్చేసరికి ఆమె కాలు మిషను మీద ఆగిపోయేది. బాధ కోసం లోపలంతా వెదికింది. దొరికింది ఊరట. అనుమానపడి అడగకుండా ఉంటే ఈ ప్రశ్నే ఉండేది కాదు. భర్త మాట దాచి కాపాడింది ఆ అమాయకత్వాన్నే. పట్టుబట్టి పోగొట్టుకుంది తనే.

ఆదివారం వాళ్ల బెంచీ వంతు వచ్చింది. భర్త అలవాటుగా మోకాళ్లు పక్కకు తిప్పి ఆమెకు దారిచ్చాడు. ఆమె లేవలేదు. తనూ మోకాళ్లు అటే తిప్పి, అవతల ఉన్న అత్తగారికి దారిచ్చింది.

“లే,” అన్నాడతను పెదవులు కదపకుండా. “నీకేం? నువ్వేం చేయలేదు.”

“సంతోషించాను కదా,” అందామె.

అత్తగారు ఇద్దరి మోకాళ్లూ దాటుకుని వెళ్లి, సత్ప్రసాదం తీసుకుని, అంతే కష్టంగా దాటుకుని వచ్చి మోకరించింది. ఆ సమయంలో కళ్లు మూసుకుని ప్రార్థించాలి. ఆవిడ ఒక కన్నే మూసింది. రెండోదానితో కొడుకునీ కోడలినీ మార్చి మార్చి చూసి, జోడించిన చేతుల చాటునుంచి అడిగింది.

“ఒరేయ్, ఇద్దరూ కలిసి ఏం చేశార్రా?”