మూడు రోజులకో సబ్బు

నన్ను దొంగ అన్నారండీ! పద్నాలుగేళ్ళుగా ఈ బడి ఊడుస్తున్నాను, ఒక్క సుద్దముక్క కూడా ఇంటికి పట్టుకెళ్ళి ఎరగను. అలాంటి నన్ను పట్టుకుని పెద్దమేడం, "ఆయమ్మా, వారం రావాల్సిన సబ్బు మూడు రోజులకే అయిపోతోందేం? కాకెత్తుకుపోతోందా?" అంది. లెక్కల మాస్టారు కిసుక్కున నవ్వాడు. శుక్రవారంలోగా సంగతి తేలకపోతే వేరే ఆయాని పెట్టుకుంటానంది. నా ఒళ్ళు మండిపోయింది.

పిల్లలకి చేతులు కడుక్కోవడం అలవాటు చెయ్యమని రెండు వారాల కిందట ఈ పని నా నెత్తిన పెట్టింది ఆవిడే. అన్నం ముందు, దొడ్డికెళ్ళొచ్చాక, కొళాయి దగ్గర నిలబడి గోళ్ళ సందులతో సహా తోమించాలి. చేయించాను. దానికి బహుమతి ఇదన్నమాట!

ఆ రోజు నుంచీ నాకు అందరూ దొంగల్లాగే కనిపించారు. మాస్టారు టిఫిన్ డబ్బా కడుక్కుని జేబు తడుముకుంటే అనుమానం. గేటు దగ్గర వాచ్‌మన్ ఘుమఘుమలాడుతుంటే అనుమానం. దగ్గరకెళ్ళి వాసన చూశాను కూడా. "ఏంటక్కా, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు వెధవ. వాడిది వేరే సబ్బు.

గురువారం కొళాయి ఎదురుగా ఉన్న చీపుళ్ళ గదిలో తలుపు చాటున నక్కాను. పాఠం జరుగుతుండగా మూడో తరగతి పిల్ల ఒకతి వచ్చింది. నోరు విప్పదని అందరూ ముంగి అంటారు. అటూ ఇటూ చూసి కొళాయి తిప్పింది. వెళ్ళేటప్పుడు చేతులు గౌనులో దాచుకుంది. కాసేపటికి మళ్ళీ వచ్చింది. మూడోసారి రాగానే దూకి చెయ్యి పట్టుకున్నాను.

"దొరికావే! తియ్యి బయటికి!"

కెవ్వుమంది. గుప్పిట్లో ఏమీ లేదు. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి నెత్తురు కారుతోంది.

"ఇదేంటే?"

"తమ్ముడికి విరేచనాలు తగ్గట్లేదు ఆయమ్మా."

"దానికీ దీనికీ ఏంటే సంబంధం?"

"మీరే చెప్పారుగా, మన చేతులు మురికిగా ఉంటే ఇంట్లో చంటిపిల్లలు చచ్చిపోతారని. ఎంత కడిగినా నా మురికి పోవట్లేదు."

నిజమే, ఆ మాట అన్నాను. మొదటి రోజు ఎవరూ మాట వినకపోతే విసుగొచ్చి అరిచాను. పిల్లలందరూ హడలిపోయి వరసలో నిలబడితే, నా అంత గట్టిది లేదని విర్రవీగాను కూడా.

ఈలోగా పెద్దమేడం వచ్చింది. "ఏంటా కేకలు? దొంగ దొరికిందా?"

పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది. ఇదుగో, ఇదే దొంగ అంటే నా ఉద్యోగం నిలుస్తుంది. మాట నోటిదాకా వచ్చింది.

"దొంగ ఎవరూ లేరమ్మా. తప్పు నాది," అన్నాను. జరిగిందంతా చెప్పేశాను. ఆవిడ పిల్ల చేతులు చూసి అక్కడే మెట్టు మీద కూలబడింది. "నీ సంగతి తర్వాత చూస్తాను. ముందు నూనె పట్రా," అంది.

నూనె రాస్తూ, "వాడికి జబ్బు నీ వల్ల రాలేదే తల్లీ. తమ్ముడికి డాక్టరు మందిస్తాడు, తగ్గిపోతుంది. అన్నం ముందు, దొడ్డికెళ్ళొచ్చాక కడుక్కుంటే నీ చేతులు శుభ్రమే," అన్నాను.

అది నా మాట నమ్మలేదు. ఎందుకు నమ్మాలి చెప్పండి? నన్ను దాటి పెద్దమేడం వైపు చూసింది.

"నిజమేనా మేడం? అయితే ఇవాళ వాణ్ణి ఎత్తుకోవచ్చా?"